నింపిన సందులు

ట్యాంకు మూత తీసి, భుజం దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, డీజిల్ తడిపిన గుడ్డతో గంగాదాస్ అడుగు అతుకు వెంబడి రుద్దాడు. బయటివైపు అప్పటికే సుద్ద పూసి ఆరబెట్టి ఉంచాడు. గుడ్డ పక్కన పడేసి ఇవతలికి వచ్చాడు. గొంతుక్కూర్చుని ఆ తెల్లటి పూత వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఆలూరులో నరహరి కల్లం అది. నాలుగిళ్లవాళ్లు కలిసి కొనుక్కున్న పసుపు బాయిలర్. నడుమ నీళ్ల ట్యాంకు, దాని కింద పొయ్యి, చుట్టూ నాలుగు డ్రమ్ములు. ట్యాంకులో పుట్టిన ఆవిరి గొట్టాల్లోంచి డ్రమ్ముల్లోకి పోయి కొమ్ముల్ని ఉడికిస్తుంది. నిన్న మూడో వాయి ఉడుకుతుండగా ట్యాంకు అడుగు నుంచి ఆవిరి సన్నగా, ఈల వేసినట్టు చిమ్మింది. నరహరి పొయ్యిలో కట్టెలు బయటికి లాగించి, తెల్లారగానే పెర్కిట్‌కు బండి మీద వెళ్లి, చెల్లెలి మొగుణ్ని వెంటబెట్టుకొచ్చాడు.

"ఎంతున్నది బావా?" అన్నాడు నరహరి, వెనక నుంచి వంగి.

"జర ఆగు. డీజిల్ జెప్తది."

సుద్ద మీద మొదట వెంట్రుకంత గీత తేలింది. నెమ్మదిగా అది రెండు వైపులా పాకింది. పాత మాటు దాటి, పక్క రేకులోకి దిగి ఆగింది. గంగాదాస్ వేళ్లు చాపి కొలిచాడు.

"జానెడున్నది. పైకెల్లి రెండు వేళ్లే కనబడ్డది గని."

"అయితే పైనొక లైను ఏసెయ్. పగటాల్లకు పొయ్యి ముట్టిస్త."

"పైన ఏస్తే ఆగది. రేకే పాడైంది. గీ ముక్క మొత్తం కోసి తీసి, కొత్తది పెట్టాలె. ఎల్లుండి దాంక పడ్తది."

"ఎల్లుండా!" నరహరి కల్లం అవతలి వైపు చెయ్యి చూపించాడు. తవ్వి తెచ్చిన పసుపు నడుమెత్తు కుప్పగా పడి ఉంది. "నాలుగొద్దులైంది తవ్వి. కింద ఉక్కపోస్తున్నది. మురిగితే రంగు పోతది, రంగు పోయినంక మార్కెట్ల ముట్టుకునేటోడు ఉండడు. నువ్వు ఏసెయ్ బావా, నేను జూసుకుంట."

వెల్డింగ్ రాడ్డు బిగించిన హోల్డర్‌ను అప్పుడే చేతిలోకి తీసుకున్న గంగాదాస్ ఆ మాట విని ఆగిపోయాడు. హోల్డర్‌ను తీసుకెళ్లి ఇసుకలో పెట్టాడు.

"ఏం జూసుకుంటవ్? అతుకు ఇడిస్తే మూత కాడ నిలబడేది సత్తక్క. నువ్వు గాదు."

డ్రమ్ముల్లోంచి ఉడికిన కొమ్ము తీసి పుల్లతో గుచ్చి చూసే పని సత్తవ్వది. ఇరవై ఏళ్లుగా ఆమే చూస్తోంది. ఇప్పుడు పని లేక, గంప బోర్లించి దాని మీద కూర్చుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

నరహరికి కోపం తన్నుకొచ్చింది. "నీ అతుకు కారిందనే గద ఫ్యాక్టరీల కెల్లి పంపిచ్చిండ్రు? లీవు మీదొచ్చిన్నని చెప్పుకుంటున్నవ్ గని, అందరికి ఎరుకే. గాడ ఆగని చెయ్యి, ఈడికొచ్చి మాకు సుద్దులు జెప్తున్నదా?"

కుప్ప దగ్గరి కూలీలు ఇటు తిరిగారు. గంగాదాస్ మళ్లీ ట్యాంకు ముందు వంగాడు. సుద్దముక్కతో పగులు చుట్టూ చతురస్రం గీసి, మూలమూలకూ గుర్తు పెట్టాడు. నరహరి తువ్వాల దులిపి భుజాన వేసుకుని, గోనెసంచులు తడిపి కుప్ప మీద కప్పమని అరుచుకుంటూ వెళ్లిపోయాడు.

సత్తవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. "ఏం మషిన్ తమ్మీ అది? నువ్వు అతుకులేసింది?"

"సూర్యుడున్నడు గదక్కా. గాయిన ఎట్ల మండుతున్నడో, గట్ల ఈడ మండిచ్చి కరెంటు తియ్యాలని. దాన్ని ఫ్యూజన్ అంటరు."

"సూర్యుని డబ్బల వెడ్తరా?"

"గంతే అనుకో. మేం జేసింది గా డబ్బనే. మూడంతస్తుల బంగ్లంత ఉంటది."

"మరి కరగదా?"

"గదే పంచాది. గా వేడికి ఆగే లోహం దునియల లేదు. అందుకే మంటను గోడకు తగలనియ్యరు. చుట్టూత పెద్ద పెద్ద అయస్కాంతాలు పెట్టి నడుమల ఆపుతరు. లోపల గాలి జర గూడ ఉండొద్దు. కండ్లకు కనబడని సందున్నా గాలి దూరుతది, మంట ఆరిపోతది."

"పేలుతదా?"

"పేలది. ఆరిపోతది అంతే. ముట్టిచ్చి నిలబెట్టుడే కష్టం. డెబ్బై ఏండ్ల సంది పెద్ద పెద్దోళ్లు కొట్లాడుతున్నరు. ఇప్పటికి మషిన్‌కు పెట్టిన కరెంటే ఎక్కువ, వచ్చింది తక్కువ."

సత్తవ్వ ఆలోచించింది. "పేలనిదైతే ఇంకేం ఫికరు తమ్మీ. ఎవలకేం గాదు గద" అని చెంబు తీసుకుని లేచింది.

గంగాదాస్ గ్రైండర్ వైరు విప్పుతూ చాలాసేపు ఆ ముడి దగ్గరే ఉండిపోయాడు.

*

పెర్కిట్‌లో ఇంటికి వచ్చేసరికి ఎండ వాలింది. రజని గడప పక్కన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆకు మీద తంబాకు పరిచి, వేళ్లతో దొర్లించి, కొన మడిచి, దారం తిప్పడం. కళ్లు తలుపు వైపు ఉన్నా చేతులు ఆగలేదు.

"అన్న ఫోన్ జేసిండు" అంది. "లొల్లి వెట్టుకున్నరంట."

"లొల్లేం లేదు. రేకు కొయ్యాలె అన్న."

గంగాదాస్ కాళ్లు కడుక్కుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి, పొద్దున వచ్చిన వాయిస్ మెసేజ్ ఆమెకు వినిపించాడు. పుణె దగ్గరి ఫ్యాక్టరీలో తనిఖీ విభాగం చూసే రఘునందన్ గొంతు అది. హైదరాబాదు మనిషి.

"గంగాదాస్, గురువారం పని మీద నిజామాబాద్ వస్తున్నా. ఆర్మూరు వచ్చి నిన్ను కలుస్తా. కాగితం పంపాను, చూడు. తనిఖీ అయ్యాక నువ్వే ఎవరికీ చెప్పకుండా అంచులు గ్రైండ్ చేసి సందు పెంచావని ఉంటుంది. సంతకం పెట్టెయ్. ఆరు నెలలు ఆగితే మళ్లీ లోపలికి తీసుకునే పూచీ నాది."

రజని చేతులు ఆగాయి. "నువ్వు పెంచినవా సందు?"

"లేదు. రెండు రేకులు దగ్గరికి పెట్టినప్పుడు నడుమ మూడు మిల్లీమీటర్లుండాలె. ఆరున్నది. ముక్క ఒంకర వచ్చింది. ఫోర్‌మన్‌కు జెప్పిన. మళ్ల ఇప్పి సక్కగ జేస్తే నెల పడ్తది, నువ్వు నింపెయ్, నేను జూసుకుంట అన్నడు. నింపిన."

"మరి గదే జెప్పు."

"ఎవలు నమ్ముతరు? అతుకు పక్కన ఉక్కు మీద నా నంబరు కొడ్తరు, నలభై ఒకటని. నింపెయ్ అన్నోని మాట ఏడ కొట్టరు. హీలియం గ్యాస్ పెట్టి కారుతదేమో చూసిండ్రు, నా నంబరు కాడ కారింది. నా గేట్‌పాస్ తీసుకున్నరు. ఫోర్‌మన్ గాడనే ఉన్నడు."

రజని తెగిన దారం కొన పళ్లతో పట్టుకుని ముడేసింది. ఆమెకు ఏడుపు వచ్చినప్పుడు ఏదో ఒక పని వెతుక్కుంటుంది. "చెయ్యని తప్పుకు సంతకమేంది. పెట్టకు" అంది. మళ్లీ చుట్టడం మొదలుపెట్టి, మూడో నాలుగో బీడీలు చాటలో పడ్డాక తలెత్తకుండానే అడిగింది.

"గా ఒక్క అతుకు కాడనే సందు ఎక్కువున్నదా?"

గంగాదాస్ లేచాడు. బిందెలో నీళ్లు ముంచుకుని తాగాడు. గ్లాసు బోర్లించి పెట్టి, ఆర్మూరులో రేకు దొరుకుతుందేమో చూసొస్తానని చెప్పి బయటికి నడిచాడు.

*

మర్నాడు పాడైన రేకు కోసి తీసేసరికి పదకొండయింది. తీసిన ముక్కను నరహరి ముందు పడేశాడు. లోపలి వైపు ఒకదాని మీద ఒకటి మూడు పాత మాటులున్నాయి. వాటి కింద ఇనుము పొరలు పొరలుగా, తడిసిన అట్టలా లేచిపోతోంది. నరహరి దాన్ని బొటనవేలితో నొక్కాడు. పొర విరిగి చేతిలోకి వచ్చింది. దాన్ని గోడ పక్కన పెట్టి, టీ తేవడానికి వెళ్లాడు.

కొత్త ముక్క ఒక పక్క సరిగ్గా కూర్చోలేదు. గంగాదాస్ ఆకురాయితో రాసి, పెట్టి చూసి, తీసి మళ్లీ రాశాడు. రంపం బ్లేడు ఒకటి సందులో నిలబెట్టి నాలుగు వైపులా జరిపాడు. ఎక్కడ పెట్టినా ఒకేలా బిగువుగా ఆడేదాకా అతుకు మొదలుపెట్టలేదు. అలా చేస్తే గంట ఎక్కువ పట్టింది. ఆ గంటలో ఒక్కరూ తొందరపెట్టలేదు. సత్తవ్వ పక్కనే కూర్చుని, పనేమీ లేకపోయినా, ఎండ తగలకుండా అతని నెత్తి మీదికి సంచి పట్టింది.

నిన్న నరహరి ఏసెయ్ అనగానే వద్దని నోటికి ఎంత తొందరగా వచ్చింది! మరి అక్కడెందుకు రాలేదు? ఫోర్‌మన్ అంటే భయమని రెండు వారాలుగా తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. భయం కొంత ఉంది, లేకపోలేదు. కానీ ఇక్కడ సత్తవ్వ చెయ్యి మూత మీద ఉంటుంది. అక్కడ అతుకు పక్కన ఎవరూ నిలబడరు. ఆ యంత్రం పేలదు, ఎవరూ చావరు, ఎప్పుడో ఇరవై ఏళ్లకో ముప్పై ఏళ్లకో వచ్చే కరెంటు. పోతే పోయిందిలే అని లోపల ఎక్కడో అనుకున్నాడు. అనుకున్నట్టు ఇప్పటిదాకా తనకే తెలియలేదు.

మొదటి అతుకు వేస్తూ మాస్కు లోపల కళ్లు చిట్లించాడు. కరిగిన ఇనుము గుండ్రంగా కదులుతూ వెనక గట్టిపడుతూ పోయింది. ఆ గుండ్రాన్ని చూస్తూనే, ఫ్యాక్టరీలో ముక్కలుగా కలిపిన ఆ డబ్బాలో, సందు ఎక్కువున్నా తాను నింపేసిన అతుకుల లెక్క వేసుకున్నాడు. ఆరో ముక్క లోపలి గోడ. ఎనిమిదో ముక్క కింది వైపు రెండు. తొమ్మిదోది. పది చివరి అతుకు. పరికరాలు దూర్చే కిటికీ మెడ. ఆరు. కారినదాన్ని కలిపితే ఏడు.

ఇంటికి పోగానే రజనిని చాట పక్కన పెట్టమన్నాడు. "నువ్వు నిన్న అడిగినవ్ గద" అన్నాడు. "రాయి. నా రాత మంచిగుండదు."

రజని నోటుబుక్కులో కాగితం చింపింది. అతను చెప్పాడు, ఆమె రాసింది. ఆరు వరుసలు రాశాక చివర్న పెన్ను ఆపి, "గిది ఇస్తే మళ్ల తీసుకోరు గద" అంది.

"తీసుకోరు."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, అతని చొక్కా జేబులో తానే పెట్టింది.

*

గురువారం మధ్యాహ్నం రఘునందన్ కారు కల్లం దాకా వచ్చింది. ఆర్మూరులో ఆగకుండా, దారి అడుక్కుంటూ నేరుగా వచ్చేశాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, మెడలో తాడుతో కళ్లద్దాలు. అప్పటికి గంగాదాస్ కొత్త అతుకు మీద సుద్ద పూసి, లోపల డీజిల్ రుద్ది, చూస్తున్నాడు.

రఘునందన్ పలకరించలేదు. చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. కాసేపటికి కళ్లద్దాలు పెట్టుకుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగి, మూల నుంచి మూల దాకా చూశాడు. తెల్లపూత తెల్లగానే ఉంది.

"ఎంతసేపయింది?"

"ముప్పావు గంట సార్."

"శుభ్రంగా ఉంది" అన్నాడు, అలవాటుగా.

నరహరి ట్యాంకులో నీళ్లు నింపించి, పొయ్యి ముట్టించాడు. వచ్చినాయన ఎవరో తెలిసి, తాడిపత్రి పట్టా కట్టిన నీడలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు. వాళ్లిద్దరూ కూర్చున్నారు. రఘునందన్ సంచిలోంచి కాగితం తీసి మోకాలి మీద పరిచాడు.

"చదివావా?"

"చదివిన సార్. సందు నేను పెంచలే."

"తెలుసు." రఘునందన్ గొంతు తగ్గించాడు. "నీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఎవరో ఒకరి పేరు రాస్తే తప్ప ఫైలు కదలదు. ఒక్క అతుకు గంగాదాస్. కోసి మళ్లీ వేస్తారు. నాలుగు నెలల్లో తేలిపోతుంది. నిన్ను నేను వెనక్కి తెస్తాను. మాట."

"ఒక్కటి గాదు సార్."

గంగాదాస్ జేబులోంచి రజని రాసిన కాగితం తీసి, మడతలు విప్పి ఇచ్చాడు. రఘునందన్ చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ఇవన్నీ పరీక్షలో పాసయ్యాయి."

"అయినయి. ఇయ్యాల కారలే. వేడెక్కుడు, సల్లారుడు, మళ్ల వేడెక్కుడు... ఎన్నడో ఒకనాడు ఇడుస్తయి. ఒక్కసారి మంట ముట్టిచ్చినంక గా ఉక్కు కాడికి మనిషి పోరాదని, గది గూడ రేడియేషన్ ఇడుస్తదని మీరే జెప్పిండ్రు సార్ మాకు. అప్పుడు లోపల ఎవలు అతుకేస్తరు?"

"ఇది బయటపెడితే ఎంత వెనక్కి పోతుందో తెలుసా? రెండేళ్లు. శోభారాణి మేడం ఇరవై ఆరేళ్లుగా దీని మీదే బతుకుతున్నారు. వచ్చే ఏడు ఆమె రిటైర్మెంటు. వెళ్లేలోపు ఒక్కసారి ముట్టించి చూడాలని ఆమె కోరిక. ఈ ఆరూ చెబితే ఆమె చూడరు."

గంగాదాస్ తల దించుకున్నాడు. ఈ యంత్రం కట్టిస్తున్న పరిశోధన సంస్థ నుంచి ఆమె ఒకసారి ఫ్యాక్టరీకి వచ్చింది. అతుకు మీద అరచెయ్యి ఆనించి, ఇది వేసిందెవరని అడిగి, నంబరు చెప్పబోతే పేరు చెప్పమంది.

"ముట్టిచ్చి చూసుడు గావాల్నా, అది నిలబడుడు గావాల్నా, మేడమ్‌నే అడుగుర్రి సార్" అన్నాడు మెల్లగా.

రఘునందన్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు. "ఆ ఆరింటికీ అతుకు వెయ్యకముందు సందు కొలిచినట్టు సంతకాలున్నాయి. అవి ఎవరివో తెలుసా నీకు?"

"మీయే సార్."

"తెలిసే ఇచ్చావా కాగితం?"

"మీరు కొలువలే. నేను ఆగలే. ఇద్దరం జేసింది సార్."

అతని గొంతులో దెప్పు లేదు. రఘునందన్ కాగితం మీంచి కళ్లెత్తాడు. డ్రమ్ముల దగ్గర ఆడవాళ్లు గంపలతో పసుపు పోస్తున్నారు. సత్తవ్వ మూత బిగించి, దాని పక్కనే మామూలుగా నిలబడింది. ఆవిరి మొదలైంది. కల్లమంతా పచ్చివాసన పరుచుకుంది. రఘునందన్ ఆమె వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తాను తెచ్చిన కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, లేచి, ఫోన్ తీశాడు.

"మేడం, నేను రఘునందన్... గంగాదాస్‌ను కలిశాను. కారింది ఒక్కటే కానీ, సందు ఎక్కువున్నవి ఏడు." అతను ఇంకో చేత్తో కుర్చీ వీపు పట్టుకున్నాడు. "సందు కొలవలేదు మేడం. నేనే. కొలిచినట్టు సంతకం చేశాను. గంగాదాస్ పెంచలేదు."

అవతలి మాటలు వింటూ నిలబడ్డాడు. ఒకసారి "అవును" అన్నాడు. ఇంకోసారి "తెలుసు మేడం" అన్నాడు. తర్వాత ఫోన్ గంగాదాస్‌కు అందించాడు. "వివరాలు నిన్నే అడుగుతున్నారు."

గంగాదాస్ చేతులు లుంగీకి తుడుచుకుని, లేచి నిలబడి ఫోన్ అందుకున్నాడు.

"నమస్తే మేడమ్."

"చెప్పండి గంగాదాస్ గారూ." ఆమె గొంతు అలసిపోయి ఉంది. కోపం మాత్రం లేదు.

అతను కాగితం చూసి చదివాడు. "ఆరో ముక్క, లోపలి గోడ, మూడో అతుకు."

"రాసుకున్నాను. తర్వాత?"

"ఎనిమిదో ముక్క, కింది వైపు, మొదటిది, రెండోది."

"ఊఁ."

తొమ్మిదోది చెప్పాడు. పదోది చెప్పాడు. కిటికీ మెడ దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగి, మళ్లీ చెప్పించుకుంది. పెన్ను కాగితం మీద కదిలిన చప్పుడు వినిపించింది.

"ఇంకేమైనా ఉన్నాయా?"

"లేవు మేడమ్."

"తొందరేం లేదు. ఇప్పుడు అయితే విప్పగలం. ఒక్కసారి మొదటి నుంచి తలుచుకుని చెప్పండి. నేను ఆగుతాను."

గంగాదాస్ కళ్లు మూసుకున్నాడు. మొదటి ముక్క దగ్గర మొదలుపెట్టి, మూడేళ్లు తాను పాకిన ఆ ఉక్కు గోడల వెంట ఒక్కొక్క అతుకే తాకుతూ నడిచాడు. అవతల ఆమె ఫోన్ పెట్టలేదు. ఒకటి, రెండు. మూడు. నాలుగో ముక్క పైమూల దగ్గర అతని చెయ్యి ఆగింది. ఆరోజు ఫోర్‌మన్ రాలేదు. రఘునందన్ సార్ ఊళ్లో లేడు. సందు సరిగ్గానే ఉంది. నడుమలో, అతుక్కు గాలి తగలకుండా వదిలే ఆర్గాన్ గ్యాస్ తగ్గింది, అతుకు అడుగున నల్లగా మాడింది. రుద్ది తీసి మళ్లీ వెయ్యాలి. షిఫ్టు అయిపోవస్తోంది. దాని మీదే ఇంకో వరుస వేసి కప్పేశాడు. ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చాక రజనికీ చెప్పలేదు.

"ఇంకోటున్నది మేడమ్" అన్నాడు.

రఘునందన్ తలెత్తి చూశాడు.

"నాలుగో ముక్క, పైమూల. గది ఎవలు ఏసెయ్యమనలే. నేనే ఏసిన."

"చెప్పండి" అంది శోభారాణి. "రాసుకుంటున్నాను."